గ్రీన్ కార్డు వేస్తానంటోంది అమ్మాయి, గుంటూరు వదలకుండా కుదిరే పనేనా?

విద్యానగర్ మాస్టారు, గుంటూరు

అందరికీ నమస్కారం. గవర్నమెంటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. నాకు 64, మా ఆవిడకు 59. అమ్మాయి, అల్లుడు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటారు. పోయినేడాది అమ్మాయికి అక్కడి సిటిజన్‌షిప్ వచ్చింది. ప్రమాణం చేసిన సాయంత్రమే ఫోను: "నాన్నా, మీ ఇద్దరికీ గ్రీన్ కార్డు వేసేస్తా, పాస్‌పోర్టు స్కాన్లు పంపు" అని. పంపలేదింకా. అందుకే అలిగింది.

మా ఇద్దరికీ బీ-2 (విజిటర్) వీసా 2032 దాకా ఉంది. వెళ్తుంటాం, వస్తుంటాం. మనవరాలితో ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది గానీ నాలుగో నెల వచ్చేసరికి నాకు కాళ్లు కట్టేసినట్టుంటుంది. కారు తీయనిదే అక్కడ కొత్తిమీర కట్ట కూడా ఇంటికి రాదు. మా ఆవిడకు మాత్రం ఆర్నెల్లయినా సరే, ఏడాదయినా సరే.

ఇక్కడ మాకున్నవి చెబుతాను. నా పెన్షను, పైపోర్షన్ అద్దె, బ్యాంకులో ఎఫ్‌డీలు, ప్రత్తిపాడు దగ్గర రెండెకరాలు, అది మిర్చికి కౌలుకిచ్చాం. అబ్బాయికి 28, హైదరాబాదులో ఉద్యోగం. సంబంధాలు చూస్తున్నాం.

బ్రాడీపేటలో ఒక కన్సల్టెన్సీకి వెళ్లాను. ఆయన కాఫీ తెప్పించాడు, అప్పుడే ఫీజు గట్టిదని అర్థమైంది. చెప్పింది ఇదీ: "కార్డు తీసుకోండి సార్. ఆర్నెల్లకోసారి వెళ్లి ముఖం చూపించి వచ్చేస్తే అదే నడుస్తుంది. మీ చేతికి కార్డు రాగానే రెండేళ్లలో అబ్బాయిని లాగేయొచ్చు. తొందరుంటే విజిటర్ వీసా మీదే వెళ్లి అక్కడే కాగితాలు పెట్టేయండి." వినడానికి బావుంది. మరీ బావుండటమే నా అనుమానం. తెలిసినవాళ్లు చెప్పండి.

ఎడిసన్ సుధ

మాస్టారూ, మాది తెనాలి, ఇప్పుడు న్యూజెర్సీలో ఉంటున్నాం. నాకు తెలిసింది ఇన్సూరెన్సు సంగతొకటే, అది చెబుతాను.

విజిటర్‌గా వచ్చినప్పుడు కొనే ఇన్సూరెన్సులో పాత జబ్బులకు దాదాపు ఏమీ రాదు. బీపీ, షుగరు ఉన్నవాళ్లకు అది భయమే. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లయితే మార్కెట్‌ప్లేస్‌లో అసలు ప్లాను కొనుక్కోవచ్చు, పాత జబ్బులున్నాయని కాదనడానికి వీల్లేదు. అయితే ఊరికే రాదు, మీ వయసుకి ప్రీమియం బాగా ఉంటుంది.

65 దాటితే మెడికేర్, అంటే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా, వస్తుందని అందరూ అంటారు. కార్డు వచ్చాక అక్కడ వరసగా 5 ఏళ్లు ఉంటేనే అందులో చేరనిస్తారు. పదేళ్లు అక్కడ పనిచేసి పన్ను కట్టినవాళ్లకు అందులో పార్ట్-ఏ (ఆసుపత్రి ఖర్చు) ఉచితం. మీలాంటివాళ్లు కొనుక్కోవాలి. 2025 లెక్కన పార్ట్-ఏ పూర్తి ప్రీమియం నెలకు 518 డాలర్లు, పార్ట్-బీ (డాక్టరు ఖర్చు) మరో 185. ఇది ఒక్క మనిషికి. మీ అమ్మాయిని ముందు ఈ లెక్క వేయమనండి, తర్వాత స్కాన్లు పంపొచ్చు.

సత్యనారాయణపురం రైల్వే తాతయ్య, విజయవాడ

మాస్టారూ, నేనూ మా ఇంటావిడా ఆ కార్డు కొన్నేళ్లు జేబులో పెట్టుకు తిరిగినవాళ్లమే. తర్వాత మేమే వెనక్కిచ్చేశాం. కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

సిటిజన్ అయిన కూతురు అమ్మానాన్నలకు వేస్తే దానికి కోటా లేదు, క్యూ లేదు. ఆ అమ్మాయికి 21 దాటి ఉండాలి, అంతే. మీకొకటి, మీ ఆవిడకొకటి, విడివిడిగా ఐ-130 అనే పిటిషన్ వేయాలి. 2024 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్‌లో వేస్తే 625 డాలర్లు, కాగితం మీదయితే 675. దానికే ఏడాది పైన పట్టడం మామూలు. తర్వాత ఫైలు నేషనల్ వీసా సెంటర్‌కు వెళ్తుంది, అక్కడ డీఎస్-260 (గ్రీన్ కార్డు వీసా దరఖాస్తు), కాగితాలు, మీ ఖర్చుకు పూచీ అని అమ్మాయి సంతకం చేసిన ఐ-864. ఇంటర్వ్యూ హైదరాబాదులో కాదు, ముంబైలో. మన బీ-2 లకు నానక్‌రామ్‌గూడ వెళ్లినట్టు కాదన్నమాట.

ఇంతవరకు మీ కన్సల్టెన్సీ ఆయన తప్పేమీ చెప్పలేదు. ఆ తర్వాత చెప్పినవి ఒక్కటీ నిలవవు.

ఆర్నెల్లకోసారి ముఖం చూపించే సంగతి. ఆ కార్డు "నేను ఇక్కడే కాపురం ఉంటాను" అని మీరిచ్చే మాట. 180 రోజులు దాటి బయట ఉండి వస్తే ఎయిర్‌పోర్టులో మిమ్మల్ని కొత్తగా లోపలికి రానివ్వమని అడిగేవాడిగా చూస్తారు. ఏడాది దాటిందా, కార్డు ఒక్కదానితో రానివ్వరు, ముందే తీసుకున్న రీ-ఎంట్రీ పర్మిట్ ఉండాలి. దానికి ఐ-131 అమెరికాలో ఉండగానే వేయాలి, వేలిముద్రలు అక్కడే ఇవ్వాలి, అది రెండేళ్లు చెల్లుతుంది. ఈ లెక్కలు అందరూ చెబుతారు. చెప్పనిది ఏమిటంటే, మీరు ప్రతిసారీ ఐదు నెలల్లోపే తిరిగి వెళ్లినా సరే, ఏడాది మొత్తమ్మీద పదకొండు నెలలు గుంటూరులో, మూడు వారాలు ఫ్రిస్కోలో అని పాస్‌పోర్టు ముద్రల్లో కనబడుతుంటే "మీ కాపురం ఎక్కడండీ?" అని అడిగే హక్కు ఆ ఆఫీసరుకుంది. ఐ-407 అనే కాగితం ముందు పెట్టి, కార్డు వదులుకుంటున్నట్టు సంతకం చేయమంటారు. పెద్దవాళ్లు, ఇరవై గంటల ప్రయాణం చేసి వచ్చినవాళ్లు, భయపడి చేసేస్తారు. చేసి తీరాలని లేదు. ఇమిగ్రేషన్ జడ్జి ముందు చెప్పుకుంటానని అనొచ్చు. ఇది మాత్రం మీ ఆవిడకు కూడా చెప్పి ఉంచండి, ఎప్పటికైనా పనికొస్తుంది.

మేం 2015లో తీసుకున్నాం. అబ్బాయికి కవల పిల్లలు, కోడలికి ఉద్యోగం, మేం అక్కడే ఉండాల్సిన అవసరం నిజంగా ఉంది. ఉన్నాం, పిల్లల్ని పెంచాం. తర్వాత మా అమ్మ మంచాన పడింది. రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకుని వచ్చి ఇక్కడే ఉన్నాం. ఆవిడ ఉన్నన్నాళ్లూ కదిలేది లేదని తేలిపోయాక మేమే ఐ-407 పంపి కార్డులు ఇచ్చేశాం. తర్వాత హైదరాబాదులో మళ్లీ బీ-2 అడిగితే ఇంటర్వ్యూలో వీసా ఆఫీసరమ్మాయి "ఎందుకు వదిలేశారు?" అంది. "మా అమ్మ కోసం" అన్నాను. ఇచ్చేసింది. పద్ధతిగా ఇచ్చేసినవాళ్ల మీద వాళ్లకు అనుమానం తక్కువ, అది నా నమ్మకం.

విజిటర్ మీద వెళ్లి అక్కడే కాగితాలు పెట్టే సంగతి. చట్టంలో అలాంటి దారి ఉంది, కాదనను. తల్లిదండ్రులు సక్రమంగా దేశంలోకి వచ్చి ఉంటే అక్కడే ఐ-485 (గ్రీన్ కార్డు దరఖాస్తు) వేసుకోవచ్చు. కానీ ముందే అనుకుని బయల్దేరి, ఎయిర్‌పోర్టులో "మనవరాలిని చూసి వెళ్లిపోతాం" అని చెబితే అది అబద్ధమవుతుంది. అబద్ధమాడి వీసా వాడుకున్నారని తేలితే జీవితాంతం రానివ్వకపోవచ్చు. పైగా ఐ-485 వేశాక అడ్వాన్స్ పెరోల్, అంటే వెళ్లి తిరిగి రావడానికి ముందస్తు అనుమతి, చేతికి రాకుండా దేశం దాటితే దరఖాస్తు వదిలేసినట్టే. మీరేమో సంబంధాలు చూస్తున్నారు. ఈలోపు అబ్బాయికి ముహూర్తం కుదిరితే పెళ్లి ఫ్రిస్కో నుంచి వీడియోలో చూస్తారా?

ఇక అబ్బాయిని రెండేళ్లలో లాగేయడం. మీ కార్డుతో పాటు అబ్బాయికి ఏమీ రాదు, తల్లిదండ్రుల కేటగిరీలో పిల్లలు వెంట రారు. మీకు కార్డు వచ్చాక పెళ్లికాని కొడుక్కి ఎఫ్-2బీ అనే కేటగిరీ కింద వేయొచ్చు. ఎవరి వంతు వచ్చిందో అమెరికా వాళ్లు నెలనెలా చెప్పే వీసా బులెటిన్లు, 2025 చివర్లో వచ్చినవి చూడండి, ఆ వరసలో నడుస్తున్నది 2016లో వేసినవాళ్లు. తొమ్మిదేళ్లు. ఈలోగా పెళ్లి చేసుకుంటే ఆ పిటిషన్ రద్దు. గ్రీన్ కార్డు ఉన్న తండ్రికి పెళ్లయిన కొడుకును పిలిచే హక్కు లేదు, సిటిజన్ అయిన తండ్రికే ఉంది, అది ఎఫ్-3, అందులో 2011 నడుస్తోంది. 28 ఏళ్ల కుర్రాణ్ణి తొమ్మిదేళ్లు పెళ్లి లేకుండా కూర్చోబెట్టమని సలహా ఇచ్చిన మహానుభావుడికి మీరు ఫీజు కూడా కట్టబోతున్నారు!

పన్నుల మాట ఆయన ఎత్తనే లేదు చూశారా? గ్రీన్ కార్డు హోదాతో అమెరికాలో అడుగుపెట్టిన రోజు నుంచి మీ ప్రపంచం మొత్తం ఆదాయం అమెరికా లెక్కలో చూపాలి. పెన్షను, పైపోర్షన్ అద్దె, ఎఫ్‌డీ వడ్డీ, అన్నీ. ఇక్కడ కట్టిన పన్నుకు అక్కడ క్రెడిట్ ఇస్తారు గానీ కౌలు డబ్బు చూడండి, ఇక్కడ వ్యవసాయ ఆదాయం కాబట్టి ఆదాయపు పన్ను లేదు, అక్కడ ఆ మినహాయింపు లేదు. పీపీఎఫ్ వడ్డీ కూడా అంతే. ఇక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అని విడిగా చెప్పాలి. ఇద్దరు రిటైరైనవాళ్ల ఎఫ్‌డీలు ఆ గీత దాటకుండా ఉంటాయా? చెప్పకపోతే జరిమానా ఆ పదివేలు దాటే వరకూ వెళ్లొచ్చు.

అక్కడే స్థిరపడితే ఇక్కడ కూడా మార్పులుంటాయి. సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓ, అంటే విదేశాల్లో ఉండేవాళ్ల ఖాతా, చేయాలి. పైపోర్షన్‌లో ఉండేవాళ్లు అద్దెలో 30 శాతం, పైన సెస్సు, టీడీఎస్ కోసి మీకివ్వాలి. గుంటూరులో అద్దెకుండే ఏ కుటుంబం చేస్తుందండీ ఆ పని? ప్రత్తిపాడు పొలం మాత్రం పోదు. ఇక్కడ ఉండగా కొన్నది అట్టే పెట్టుకోవచ్చు, కానీ పక్క ఎకరం అమ్మకానికొస్తే కొనలేరు. పెన్షనుకు ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఎలా అంటారా, హ్యూస్టన్‌లో మన కాన్సులేట్ ఉంది, ఆ ఇబ్బంది లేదు.

నేను అడిగేది ఒకటే. వచ్చే ఐదేళ్లు ఎక్కడ ఉంటారో మీరూ మీ ఆవిడా ముందు తేల్చుకోండి. ఫ్రిస్కో అంటే కార్డు. గుంటూరు అంటే మీ దగ్గరున్న బీ-2 చాలు. రెండూ అంటే మాత్రం కార్డు జోలికి పోకండి.

విద్యానగర్ మాస్టారు

పెద్దాయన గారూ, చేతులెత్తి దణ్ణం. మీ జవాబు ప్రింటు తీసి మా ఆవిడకు ఇచ్చాను. చదివి, "ఐదేళ్లు అక్కడే ఉందాం, అయితే ఏంటి?" అంది. అదీ మా ఇంటి పరిస్థితి.

ఆవిడ ఇంకో మాట అడగమంది. కార్డు ఇప్పుడు వద్దు, అమ్మాయి ఐ-130 మాత్రం వేసి ఉంచుతుంది, మేం బీ-2 మీద వెళ్లివస్తుంటాం, మనసు కుదిరినప్పుడు ముంబై వెళ్తాం. ఇలా కుదరదా? అబ్బాయికి అక్కే నేరుగా వేయొచ్చా?

సత్యనారాయణపురం రైల్వే తాతయ్య, విజయవాడ

ఐ-130 పడిందంటే "వీళ్లు వలస వెళ్లాలనుకుంటున్నారు" అని రికార్డులో ఎక్కినట్టు. చేతిలో ఉన్న బీ-2 దానంతటది రద్దు కాదు. కానీ మళ్లీ బీ-2 అడిగేటప్పుడు డీఎస్-160 అనే వీసా దరఖాస్తులో "మీ కోసం ఎవరైనా ఇమిగ్రెంట్ పిటిషన్ వేశారా?" అని ప్రశ్న ఉంటుంది. అవునని రాయాలి. రాశాక తిరిగొస్తామని నమ్మించడం మీ పని. ఎయిర్‌పోర్టులోనూ అడగొచ్చు. మీ బీ-2 2032 దాకా ఉంది కాబట్టి ఊరికే ఆ చిక్కు ఎందుకు? తల్లిదండ్రుల కేటగిరీలో క్యూ లేదన్నాను కదా, ముందు వేసి ఉంచితే కలిసొచ్చేదీ లేదు. వెళ్లాలని గట్టిగా అనుకున్న ఏడాది వేస్తే చాలు.

అబ్బాయి సంగతి వేరు, అక్కడ క్యూనే సమస్తం. సిటిజన్ అక్క తమ్ముడికి ఎఫ్-4 (తోబుట్టువుల కేటగిరీ) వేయొచ్చు, పెళ్లయినా పోదు, భార్యా, 21 లోపు పిల్లలూ వెంట వస్తారు. 2025 చివర్లో ఇండియాకు 2006లో వేసినవి నడుస్తున్నాయి. అంటే మీవాడికి యాభై దగ్గర పడేసరికి. నవ్వొస్తుంది గానీ 625 డాలర్లు పెట్టి వేసి మర్చిపోతే పోయేదేముంది? అయితే వాడికి ఈలోపు అక్కడ చదువుకో, విజిటుకో వెళ్లే ఆలోచన ఉంటే ఇందాక చెప్పిన డీఎస్-160 ప్రశ్న వాడికీ తగులుతుంది. హెచ్-1బీ ఉద్యోగ వీసాకయితే ఫరవాలేదు, ఆ వీసాలో స్థిరపడే ఉద్దేశం ఉన్నా తప్పు పట్టరు. వాణ్ణి అడిగి వేయించండి.

పటమట వసంత, విజయవాడ

అన్నయ్య గారూ, ఇప్పుడు వేసినా పదేళ్ల తర్వాత వేసినా కాగితాలు మాత్రం ఇప్పుడే చూసుకోండి. మా అమ్మ కేసు అంతా నేనే తిరిగాను, ఆలస్యమంతా అక్కడే అయ్యింది.

తండ్రికి వేయాలంటే అమ్మాయి బర్త్ సర్టిఫికెట్ ఒక్కటీ చాలదు, మీ పెళ్లి సర్టిఫికెట్ కూడా అడుగుతారు. మన తరంలో పెళ్లి రిజిస్టరు చేయించుకున్నదెవరు? ఎన్నేళ్లయినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేస్తారు. శుభలేఖ, పెళ్లి ఫొటో, ఆధార్లు, సాక్షులు. మా అమ్మ శుభలేఖ దొరక్క ఇల్లంతా గాలించాం, చివరికి పిన్ని వాళ్ల ట్రంకు పెట్టెలో దొరికింది.

వదిన గారు పుట్టింది ఊళ్లో ఇంటి దగ్గరే అయ్యుంటుంది. 1970కి ముందు పుట్టినవాళ్లకు బర్త్ సర్టిఫికెట్ లేకపోవడం అమెరికా వాళ్లకూ తెలుసు. రిజిస్టర్లో ఎంట్రీ లేదని అధికారి నుంచి నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకుని, దానికి టెన్త్ సర్టిఫికెట్, పుట్టుక ఎరిగిన పెద్దవాళ్ల అఫిడవిట్లు జతచేయాలి. ఊళ్లో పంచాయతీ కార్యదర్శినీ, తహసీల్దార్ ఆఫీసునీ ఇద్దరినీ అడగాల్సి వస్తుంది. అక్కడ "ఏ సంవత్సరం రిజిస్టరమ్మా?" అంటారు, ఓపిక ఉండాలి. పుట్టుక ఎరిగిన పెద్దవాళ్లు ఉండగానే సంతకాలు పెట్టించుకోండి. నేను చెప్పేది అర్థమైందనుకుంటాను.

ఇంకోటి, టెన్త్ సర్టిఫికెట్లో పుట్టింటి ఇంటిపేరు, పాస్‌పోర్టులో మీ ఇంటిపేరు ఉంటుంది. ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ పెట్టుకోండి. పోలీస్ క్లియరెన్సు పాస్‌పోర్ట్ ఆఫీసు ఇస్తుంది, అది మాత్రం చివర్లో, ముందే తీసుకుంటే గడువు దాటిపోతుంది.

భవానీపురం రమేష్, ప్రస్తుతం షార్లెట్

పెద్దాయన చెప్పినవన్నీ నిజమే, కానీ చదివినవాళ్లు కార్డంటే భయపడిపోతారేమోనని రాస్తున్నాను. మా నాన్న 2020లో పోయారు. అమ్మ భవానీపురం ఇంట్లో ఒక్కతే. తోబుట్టువుల్లేరు నాకు. ఆర్నెల్లకోసారి ఆవిణ్ణి తీసుకురావడం, ఐ-94 (విజిటర్‌గా ఉండనిచ్చే గడువు) దగ్గరికి రాగానే పంపించడం, ఒంటరిగా ఆ దోహా ట్రాన్సిట్‌లో ఆవిడ ఏమవుతుందోనని నేను రాత్రంతా మేలుకోవడం. కార్డు వచ్చాక ఆ గొడవ పోయింది. ఇల్లు అమ్మేశాం, ఇక్కడే ఉంటోంది. ఆవిడకు అదే సరైనది.

ఐ-864 మీద సంతకం చేసే పిల్లలు కూడా అది చదివి చేయాలి. అమ్మ సిటిజన్ అయ్యేదాకానో, శాశ్వతంగా దేశం విడిచేదాకానో, ఆవిడ ఖర్చుకు నేను పూచీ. నాకు ఉద్యోగం పోయినా సరే. మీ అల్లుడు గారు కూడా ఆ కాగితం చూడాలి, ఆయన జీతం కూడా లెక్కలో చూపాల్సి వస్తే ఆయన సంతకమూ ఉంటుంది.

సిటిజన్‌షిప్ మీద ఆశ ఉంటే ఇంకో మాట. ఐదేళ్లకు అడగొచ్చు గానీ ఇంగ్లీషు పరీక్ష ఉంది. 55 దాటి, కార్డు వచ్చి 15 ఏళ్లయినవాళ్లకు ఇంగ్లీషు మినహాయింపు ఉంది. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు చేసినవాళ్లకు పౌరశాస్త్రం 128 ప్రశ్నలు, అందులో 20 అడిగి 12 రావాలంటారు. అమ్మ రోజూ వంట చేస్తూ వింటోంది. సెనేటర్ల సంఖ్య నాకంటే ముందే చెప్పేస్తుంది.

విద్యానగర్ మాస్టారు

రమేష్ బాబూ, అమ్మగారికి మా నమస్కారాలు. మీరన్నది నిజం, ఇద్దరిలో ఒకరు మిగిలే రోజు వస్తే మా లెక్క కూడా మారుతుంది. ఆ మాట మా ఆవిడ ముందు నేనే ఎత్తాను, "ఆ రోజు నేనే మిగిలితే వెంటనే వేయించుకుంటా, నువ్వు మిగిలితే ఈ ఇంట్లోనే ఉంటావులే" అంది.

ఇప్పటికి తేల్చుకున్నది ఇదీ. కార్డు వద్దు, బీ-2తోనే వెళ్లొస్తాం. ఈసారి ఆవిడ ముందు వెళ్తుంది, నేను రెండు నెలలు ఆగి వెళ్తాను. అమ్మాయికి చెప్పాను, కాసేపు మాట్లాడలేదు, తర్వాత "సరే, తమ్ముడికయినా వేయనీ" అంది. అబ్బాయిని అడిగితే "యాభై ఏళ్లకా!" అని నవ్వి సరేనన్నాడు. వాడికి అక్కడ చదువు ఆలోచన లేదు.

వసంతమ్మా, మీరు చెప్పిన కాగితాలు మాత్రం మొదలుపెట్టాం. శుభలేఖ దొరికింది, ఫొటోలు ఉన్నాయి. నరసరావుపేట బావగారు సాక్షిగా వస్తానన్నారు గానీ మంగళవారం కదలనన్నారు. బుధవారం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్తున్నాం. ఆవిడ ఊళ్లో పుట్టుక ఎరిగిన పెద్దవాళ్లలో ఇద్దరే ఉన్నారు, ఆదివారం వెళ్లి కలుస్తాం. ఆ అఫిడవిట్ స్టాంపు పేపరు ఎంతది వాడారో చెప్పగలరా?